ఫ్రాన్సిస్ డే ఇంటిపేరు: వ్యుత్పత్తి విచారము

శ్రీహరికోటకు ఉత్తరమున సముద్రతీరమందు దుగరాజపట్నము కలదు. ఈస్టిండియా కంపెనీ వారు 1626 ప్రాంతమున అచ్చట వర్తకస్థానము నెలకొల్పి, తమకు తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేరిట దానిని ఆర్మగాన్ అని పిలిచిరని ప్రసిద్ధి. అచ్చటి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వేంకటాద్రి నాయకునివలన మదరాసు స్థలమును సంపాదించెను. ‘దామర్ల’ వ్యక్తినామమునకు ముందును, ‘డే’ తరువాతను నిలిచినను రెండును ఇంటిపేర్లే.

నేటి ఆంగ్లమున ‘డే’ యనగా దినము. ఇంటిపేరున కర్థమును అదియే యని తోచుట సహజము. కాని శబ్దచరిత్ర వేఱు. ప్రాచీనాంగ్లమున ‘డాయె’ అనగా పిండి పిసుకునది, రొట్టెలు చేయు పనికత్తె. మధ్యయుగమున ఈ శబ్దము పాలు, వెన్న చూచుకొను పనివారికి చెల్లినది. వారు పనిచేయు తావే ‘డెయిరీ’. వృత్తినామము క్రమముగ వంశనామమైనది. పిసికిన పిండికి పేరైన ‘డో’ శబ్దమును, మొదట ‘రొట్టెపిండి పిసుకునది’ అను నర్థము గల ‘లేడీ’ శబ్దమును ఈ కుదురులోనివే.

మఱియు నొక విశేషము. పిసుకుట, మెత్తి రూపుచేయుట అను నర్థముగల ఇండో-యూరోపియను మూలధాతువే సంస్కృతమున పూఁతను తెలుపు ‘దిహ్’ ధాతువైనది. మనము నిత్యము వాడు ‘దేహ’ శబ్దము దానినుండి కలిగినదే. ఆంగ్లమందలి దినవాచకమునకు ఈ ధాతువుతో సంబంధము లేదు.

‘డే’ వంశనామమునకు మఱియొక పుట్టుకయు గలదు. డేవిడ్ అను పేరునకు ముద్దుపేరైన ‘డే’ కొన్ని కుటుంబములకు ఇంటిపేరైనది. కనుక ఒక కుటుంబమునకు ఏ వ్యుత్పత్తి చెల్లునో ఆ వంశపు పూర్వపత్రములే నిర్ణయింపవలెను. శబ్దరూప మొక్కటియే చాలదు.

ఈ హెచ్చరిక మనకును వర్తించును. శ్రీహరికోటను ఆనుకొనియున్న పులికాటు సరస్సు పేరున తెలుగువారికి పులి కనబడవచ్చును. కాని ‘పులికాటు’ పళవేర్కాడు అను తమిళనామమునకు మాఱురూపము. ఇంటిపేర్లను పరిశోధించువారు నేటి రూపమునుండి అర్థము నూహింపక, శాసనములు, కైఫీయతులు, భూమిలెక్కలలోని పూర్వరూపములను ముందుగా సేకరింపవలెను. అర్థనిర్ణయము పిమ్మట చేయఁదగినది.