పాము వేలాడిన చేయి

గరివిడి పరిసరాల్లో బట్టలుతికే తల్లులకు ‘దులపడం’ వేరు, ‘జాడించడం’ వేరు. 1890లలో విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు మొదలయ్యాయి. 1950లలో గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసింది. గనికి, కొలిమికి వెళ్లొచ్చిన చొక్కా మీది నల్లటి దుమ్ము పైపైదైతే దులిపితే రాలుతుంది. చెమటతో కలిసి నేతలోకి దిగితే మాత్రం రాలదు. అప్పుడు చొక్కాను ఒక కొసన గట్టిగా పట్టుకుని నీళ్లలో అటూ ఇటూ వేగంగా జాడించాల్సిందే. జాడించేవారు బట్టను వదలరు, మురికినే వదిలిస్తారు. ‘జాడించి తన్నాడు’ అన్నప్పుడు కూడా ఆ క్రియలో ఒంటి బలమంతా వినిపిస్తుంది.

లూకా రాసిన రెండు గ్రంథాల్లో ‘అపోటినాస్సో’ అనే గ్రీకు క్రియ రెండుసార్లు వస్తుంది. కొత్త నిబంధనలో మరెక్కడా అది కనబడదు. తమను చేర్చుకోని ఊరి ధూళిని పాదాల నుంచి వదిలించుకొమ్మని ప్రభువు శిష్యులకు చెప్పినచోట (లూకా 9:5) మన తెలుగు బైబిలు దానికి ‘దులుపు’ అంది. పౌలు చేతిని పట్టిన సర్పం దగ్గర (అపొ.కా. 28:5) అదే క్రియకు ‘జాడించు’ అంది. ధూళి పైన కూర్చుంటుంది, పాము పట్టుకుని వేలాడుతుంది. ఆ తేడా తెలిసినవారి అనువాదమిది.

ఆనాటి సంగతి చూడండి. ఓడ బద్దలై 276 మంది, కొందరు ఈదుతూ, కొందరు పలకల మీద, మెలితే ద్వీపానికి చేరారు. వాన, చలి. ద్వీపవాసులు మంట వేశారు. ఖైదీగా రోమాకు వెళుతున్న పౌలు ఊరకే కూర్చోక పుల్లలేరి మంటలో వేస్తుంటే, వేడికి బయటికొచ్చిన సర్పం అతని చేయి పట్టింది. ఇతడు హంతకుడే, సముద్రం విడిచినా న్యాయం విడవలేదని చూసినవారు తేల్చేశారు. ఏ హానీ జరగకపోయేసరికి అదే నోటితో దేవుడన్నారు! లోకం తీర్పులు అంతే.

ఆ కాసేపట్లో పౌలు చేతిని పాము, పేరును నింద పట్టుకున్నాయి. మన సంఘాల్లోనూ ఇది జరుగుతుంది. వంట దగ్గరో, కానుకల లెక్క దగ్గరో సేవ చేస్తున్న చేతినే ఒక మాట కాటేస్తుంది. కొందరు ‘నాకెందుకొచ్చింది’ అని చేతులు దులుపుకుని గుడి మానేస్తారు. అది జాడించడం కాదు, బట్టనే ఏట్లో వదిలేయడం. మరికొందరు ఆ మాటను ఏళ్ల తరబడి చేతికి వేలాడదీసుకుని అందరికీ చూపిస్తుంటారు. విషం ఎక్కేది వారికే. పౌలు ఆ పామును మంటలోకి జాడించాడు. హంతకుడన్నవారి మీదికి విసరలేదు. వారితో వాదించినట్టు కూడా లూకా రాయలేదు.

చాలామంది ప్రసంగీకులు ఇక్కడే ఆగిపోతారు. లూకా ఆగలేదు. ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి తండ్రి జ్వరంతో, రక్తభేదితో మంచం పట్టి ఉన్నాడు. పౌలు లోపలికి వెళ్లి ప్రార్థించి, అతని మీద చేతులుంచాడు. పాము వేలాడిన చేయి కూడా అందులో ఉంది. అతడు బాగుపడ్డాడు. ఆ తర్వాత ద్వీపంలోని మిగతా రోగులూ పౌలు దగ్గరికి వచ్చి స్వస్థత పొందారు.