ఎలుగు మళ్లీ పచ్చబడాలి

ఆర్మూర్ దాటి మెట్‌పల్లి వైపు 63వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే దారిలో వచ్చే మండల కేంద్రం మోర్తాడ్. చుట్టుపక్కలంతా పసుపు, మక్క, ఎర్రజొన్న పండించే ఊళ్లు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కష్టంతో లేచిన ఇండ్లు వీధివీధినా ఉంటాయి. పాత ఇల్లు విప్పి కొత్తది కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు పోయేది పెరటి చుట్టూ ఉన్న పచ్చి కంచె, ఎలుగే. దాని జాగలో సిమెంటు ఇటుకల గోడ వస్తుంది. గోడ వెంట కాస్త పచ్చగా ఉండాలనుకున్నవాళ్లు నర్సరీకి పోయి, అక్కడ చేతికందిన మొక్క తెచ్చి వరుసగా పెడతారు. కొన్నేళ్లుగా అలా చేతికందుతున్న మొక్క కోనోకార్పస్.

దాన్ని జనం ఎందుకు ఇష్టపడ్డారో తెలియనిదేమీ కాదు. ఏడాది తిరిగేసరికి మనిషెత్తు పెరుగుతుంది. మే నెల ఎండలోనూ ఆకు రాల్చదు. ఎలా కత్తిరించినా మళ్లీ చిగురిస్తుంది. కానీ నీటి జాడ పట్టుకుని పోయే వేళ్లు దానివి. మంచినీటి పైపు, మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు, ఏది దగ్గరుంటే దాని వైపు పోతాయి. ఈ వేళ్లు కేబుళ్లను, నీటి పైపులను దెబ్బతీస్తున్నాయనీ, పుప్పొడి వల్ల జలుబు, ఆయాసం, అలర్జీ వస్తున్నాయనీ చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. తెలంగాణలోనూ హరితహారం కింద దీన్ని నాటొద్దని అధికారులు చెప్పారు. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే కంగారు పడక్కర్లేదు. పైపుల పక్కన ఉన్నవాటిని వేళ్లతో సహా తీసేయండి. మిగతావాటిని పూత రాకముందే కత్తిరిస్తూ, వాటి నీడలోనే వేరే కంచె మొక్కలను ఎదగనివ్వండి. అవి నిలదొక్కుకున్నాక కోనోకార్పస్‌ను తొలగించవచ్చు.

మరి పెట్టాల్సిందేమిటి? మోర్తాడ్ మట్టుకు నేను మొదటి ఓటు తంగేడుకు వేస్తాను.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పేర్చాలంటే గునుగుతో పాటు అది ఉండాల్సిందే. అయినా ఇంటి ముందు తంగేడు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? ఒకప్పుడు చెల్కల గట్ల మీద, బాటల వెంట విరివిగా పూసేది. చెల్కలు చదునయ్యాయి, బాటలు రోడ్లయ్యాయి, గట్ల మీద కలుపు మందు పడింది. ఇప్పుడు పండుగ పూట పువ్వును అంగడిలో కొంటున్నాం. ఎండను తట్టుకోవడంలో దానికి సాటి వచ్చే పొద మన దగ్గర తక్కువ. వేరు లోతుకు పోతుంది. పశువులు పెద్దగా మేయవు. దాని పట్టతో వెనకటికి తోళ్లు పదును చేసేవారు. పసుపు రంగు సీతాకోకచిలుకలు కొన్ని దాని ఆకు మీదే గుడ్లు పెడతాయి. నీళ్లు నిలవడం మాత్రం తంగేడుకు గిట్టదు. మీది నల్లరేగడి అయితే జానెడు ఎత్తు కట్ట పోసి దాని మీద విత్తండి. తల్లివేరు కదిలితే బెంగపడే మొక్క కాబట్టి నారు తెచ్చి నాటేకంటే గింజ పెట్టడమే మేలు. గింజ తొక్క గట్టిది. కాగిన నీళ్లు దించి, ఆ వేడి నీళ్లలో రాత్రంతా నానబెడితే తొందరగా మొలుస్తుంది.

ఒక జాగ్రత్త: శ్రావణం వచ్చాక తంగేడుకు కత్తెర పెట్టొద్దు. అప్పుడు కొమ్మ తుంచితే బతుకమ్మ నాటికి పువ్వు ఉండదు.

మేకల బెడద ఎక్కువగా ఉన్నచోట వాక పెట్టాలి. గట్టి ముండ్లు, దట్టమైన ఆకు, కొమ్మ విరిస్తే పాలు. నాలుగేళ్లు సరిగ్గా పెంచితే కోడిపిల్ల కూడా దూరలేదు. వానకాలంలో వాక్కాయలు పప్పులోకి, పచ్చడిలోకి వస్తాయి. పిల్లలు ఆడుకునే వైపు మాత్రం ముండ్లు వద్దు, అక్కడ గోరింట పెట్టండి. పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలు చేసి గుచ్చినా గోరింట నాటుకుంటుంది. ముదిరితే దానికీ కొంత ముల్లు వస్తుంది కాబట్టి ఎప్పటికప్పుడు లేత కొమ్మలే ఉండేలా కత్తిరించాలి. ఆషాఢంలో ఆడపిల్లలు ఆకు దూస్తే ఒక విడత కత్తిరింపు దానంతటదే అయిపోతుంది. పొలం వైపు, పశువులు నడిచే బాట వైపు వావిలి మంచిది. ఆ వాసనకు మేక మూతి పెట్టదు. బాలింత స్నానానికి ఆకు ఇంట్లోనే ఉంటుంది.

రహదారి పక్క ఇండ్లకు దుమ్ము ఆగాలంటే కాగితం పూల తీగను గుబురుగా పెంచుకోవచ్చు. గన్నేరు అందంగానే ఉంటుంది కానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు, మేకలు ఉన్న ఇంట్లో దాని మాటెత్తొద్దు. నర్సరీలో దొరికే డురాంటా మొక్క కాయలూ తినకూడనివే. ఇక కోతుల సంగతి నిజాయితీగా చెప్పాలి. ఏ కంచె మొక్కా కోతిని ఆపలేదు. హద్దు మీద జామ, దానిమ్మ పెట్టి వాటిని పిలవకుండా ఉండటమే మన చేతిలో ఉన్నది.

కంచెకు మొక్కను నేలను బట్టి ఎంచుకోవాలన్నది కొత్త సంగతి కాదు. ఉప్పు మీద పన్ను ఎగవేయకుండా బ్రిటిష్ వాళ్లు సింధు తీరం నుంచి ఒడిశా దాకా సుమారు 4,000 కిలోమీటర్ల కాపలా గీత గీశారు. అందులో చాలా దూరం ముళ్ల కంచే. పేదవాడి గంజిలో ఉప్పును అడ్డుకున్న ఆ కంచెను మెచ్చుకోలేం. 1879లో అది రద్దవడం దేశానికి మేలే. అయితే అక్కడ చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం మాత్రం పనికొస్తుంది. తర్వాతి కాలంలో కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన ఎ.ఓ. హ్యూమ్ 1867 నుంచి 1870 వరకు ఆ గీతను కాసే శాఖకు కమిషనర్. ఎండు కంపతో వేసిన కంచెను చెదలు తినడం, నిప్పంటుకోవడం, గాలికి లేచిపోవడం చూసి పచ్చి కంచె వైపు తిరిగాడు. ఎక్కడి మట్టికి, వానకు తగ్గ మొక్కను అక్కడ పెట్టించాడు: రేగు, తుమ్మ, వాక, జెముడు, నాగజెముడు. మన తాతల ఎలుగులో ఉన్నవీ ఇవే.

నాటే పనికి అదును మృగశిర కార్తె. ఒక మంచి వాన పడి నేల లోపలి దాకా నానాలి. గోడకు రెండడుగులు, మురుగు కాలువకు ఇంకా ఎక్కువ దూరం వదిలి, అడుగున్నర లోతు, అంతే వెడల్పు కందకం తీయండి. రేగడిలో ఈ దూరం మరీ ముఖ్యం. వేళ్లు నీరు పీల్చినకొద్దీ ఆ మట్టి కుంచించుకుపోయి గోడ పునాది కదులుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు, చెదలు రాకుండా కొంత వేపపిండి మట్టిలో కలిపి కందకం నింపాలి. గోరింటకు అడుగు ఎడం, తంగేడుకు అడుగున్నర, వాకకు రెండు నుంచి మూడడుగులు. రెండు వరుసలు పెడితే ఒక వరుసలోని మొక్క రెండో వరుసలోని సందుకు ఎదురుగా రావాలి.

ఇక్కడి నుంచి చాలామంది చేసే తప్పు, మొక్కను చూసి మురిసిపోయి పైకి పోనివ్వడం. అలా పోతే అడుగు బోసిపోతుంది, ఆ బోడి మొదళ్ల మధ్య నుంచే మేక వస్తుంది. అడుగు ఎత్తుకు రాగానే తల తుంచండి. కొత్తగా వచ్చిన ప్రతి పెరుగుదలలో సగం తీసేయండి. మొదటి రెండేళ్లు ఇదే పని. చేతులు రాకపోయినా చేయాలి. కంచె కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటేనే అడుగు కొమ్మలకు ఎండ తగులుతుంది. కొడవలితో నరికితే కొమ్మ చీలుతుంది, పదునైన కత్తెర వాడండి. ఎండలు ముదిరాక కత్తిరింపు ఆపేయాలి. లోపలి లేత బెరడు ఒక్కసారిగా ఎండకు పడితే మాడుతుంది. దట్టమైన కొమ్మల్లో దర్జీపిట్ట, బుల్బుల్ గూళ్లు ఉంటాయి, కత్తెర పెట్టేముందు ఒకసారి తొంగిచూడండి.

మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పవు. వారానికి ఒకటి రెండు సార్లు నిండుగా పారించడం రోజూ పైపైన చల్లడం కంటే మంచిది. మొదళ్ల చుట్టూ చెత్త కప్పితే తడి ఆరదు. మోర్తాడ్‌లో కోసిన పసుపు ఆకుకు కొదవ లేదు. దాన్ని కాల్చకుండా ఇలా వాడండి. కంచెలో మందార కూడా ఉండి, దానికి పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకీ నర్సరీ ఉండాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా అదే చట్టం అంటుంది. ఇంటింటికీ మొక్కలు ఇచ్చేటప్పుడు గోరింట, వాక, వావిలి కావాలని గ్రామసభలో అడగండి. అడిగినవే పెంచుతారు. తంగేడు కాయలు చలికాలంలో ఎండుతాయి. ఈసారి బాట పక్కన ఎక్కడైనా కనిపిస్తే గుప్పెడు గింజలు తెచ్చి పెట్టుకోండి. మృగశిర వానకు విత్తండి.