తాళం చెవి ఎవరి చేతికి?



జనగామ జిల్లాలోని ఒక పల్లెలో ఆదివారం ఆరాధన ముగిసింది. మందిరం ముందు ఒక కొత్త మోటారు సైకిలు నిలబడి ఉన్నది. హ్యాండిలుకు రంగు రిబ్బను కట్టారు. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పత్తి అమ్మిన డబ్బుకు కొంత అప్పు కలిపి కొన్న బండి అది. సంఘకాపరి వచ్చి ప్రార్థన చేస్తే ఇంటికి తీసుకుపోదామని కుటుంబమంతా ఎదురు చూస్తున్నారు. బండి మీద కూర్చున్నవాడు ఆ ఇంటి పెద్ద కుమారుడు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

సంఘకాపరి ప్రార్థనకు ముందు ఒక మాట అడిగారు. "బండి ఎవరు నడుపుతారు?"

"మావోడే అయ్యగారూ. రోజూ కాలేజీకి పోవాలె గదా. మంచిగ నడుపుతడు. ఎనిమిదో తరగతి నుంచే వస్తది వానికి" అన్నాడు తండ్రి.

"లైసెన్సు ఉన్నదా?"

తండ్రి నవ్వాడు. "ఇంకా పదహారేండ్లే గదయ్యా."

"మరి నీకున్నదా?"

ఈసారి తండ్రి నవ్వలేదు. ఇరవై ఏండ్లుగా బండి నడుపుతున్న ఆయనకు కూడ లైసెన్సు లేదు.

సంఘకాపరి ఆ కుటుంబం కోసం ప్రార్థన చేశారు. తరువాత తాళం చెవి తీసుకొని తండ్రి చేతిలో పెట్టి, "మొదట నువ్వు లైసెన్సు తెచ్చుకో. అబ్బాయికి పద్దెనిమిది నిండిన తరువాత నేర్పించి, లైసెన్సు ఇప్పించు. ఆ రోజు నేనే మీ ఇంటికి వచ్చి మళ్ళీ ప్రార్థన చేస్తాను" అన్నారు. నలుగురిలో ఆ తండ్రికి తల కొట్టేసినట్లయింది. తరువాత రెండు ఆదివారాలు ఆ కుటుంబం మందిరానికి రాలేదు. "అయ్యగారు పోలీసు పని మొదలుపెట్టిండు" అన్నవారు కూడ సంఘంలో లేకపోలేదు.

ఆ రోజు మేము అక్కడే ఉన్నాము. మాకు కూడ ఆ మాట కఠినంగానే తోచింది. ఎందుకంటే, పిల్లవాని చేతికి తాళం చెవి ఇచ్చిన తల్లిదండ్రులలో మేమూ ఉన్నాము. కాని ఆలోచించిన కొలది ఆ ప్రశ్న ప్రతి క్రైస్తవ కుటుంబం వేసుకోవలసినదని మాకు అర్థమైంది.

మన దారులు మారినవి

ఈ ప్రాంతంలో సువార్త ఎడ్లబండి మీద తిరిగింది. నేటి మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న డోర్నకల్ కేంద్రంగా 1912 నుండి 1945 వరకు సేవ చేసిన బిషప్ అజరయ్యగారి కాలంలో పల్లెలకు ప్రయాణమంటే ఎక్కువగా ఎడ్లబండే. ఎడ్లకు దారి తెలుసు. బండివాడు కునుకు తీసినా అవి ఇల్లు చేర్చేవి. నేటి బండికి ఆ తెలివి లేదు. నడిపేవానికి ఎంత తెలుసో బండికి అంతే తెలుసు.

పైగా మన పల్లె బాటలు నేడు జాతీయ రహదారులలో కలుస్తున్నవి. హైదరాబాదు నుండి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా వరంగల్ వెళ్ళే 163వ నంబరు రహదారి, మహబూబాబాద్ మీదుగా నర్సంపేట వైపు సాగే 365వ నంబరు రహదారి, పరకాల నుండి భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం వైపు వెళ్ళే 353సి రహదారి మనకు తెలిసినవే. భూపాలపల్లి దారిలో బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు తిరుగుతుంటాయి. మిరప ఏరే కాలంలో మహబూబాబాద్ వైపు తెల్లవారకముందే కూలీలతో నిండిన ఆటోలు, ట్రాలీలు బయలుదేరుతాయి. పొలం గట్టు దిగి రోడ్డెక్కిన పిల్లవానికి ఎదురుగా వచ్చేది పక్కింటి సైకిలు కాదు, పదుల టన్నుల లారీ.

2021 జనవరి నెలలో మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం మర్రిమిట్ట దగ్గర లారీ, ఆటో ఢీకొన్నవి. ఆటోలో ఉన్నవారు పెళ్ళి బట్టలు కొనడానికి బయలుదేరిన ఒక తండా కుటుంబం. పెళ్ళికూతురుతో సహా ఆరుగురు మరణించారు. ఆ ప్రమాదంలో తప్పు ఎవరిదో తీర్పు చెప్పడం మా పని కాదు. అటువంటి ప్రయాణం మనమందరమూ చేస్తున్నదే. పెళ్ళికి, దినాలకు, కన్వెన్షన్ కూడికలకు ఒకే ఆటోలో ఎందరు పడితే అందరం ఎక్కుతున్నాము.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వందకు 68 మరణాలు గ్రామీణ ప్రాంతాలలోనే జరిగినవి. చనిపోయినవారిలో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చునేది ఎవరు? మన తల్లి, మన భార్య, మన బిడ్డ.

"వస్తది" అంటే సరిపోతుందా?

"మావోనికి బండి వస్తది" అని మనం సంతోషంగా చెప్పుకుంటాము. క్లచ్ వదలడం, గేరు మార్చడం రెండు సాయంత్రాలలో వస్తుంది. కాని మలుపులో ఎదుటివాడు కనబడనప్పుడు ఏమి చేయాలి? లారీకి ఎడమ పక్క ఎందుకు దూరకూడదు? వాన పడిన మొదటి పది నిమిషాలలో రోడ్డు ఎందుకు జారుతుంది? ఎదురుగా వచ్చే దీపాల వెలుగుకు కళ్ళు చెదిరితే ఏమి చేయాలి? ఇవి వాటంతట అవి రావు. ఎవరైనా నేర్పితేనే వస్తాయి. బాప్తిస్మానికి ముందు మన యౌవనస్థులను కూర్చోబెట్టి వారాల తరబడి బోధిస్తాము. ప్రాణం మీదికి వచ్చే పనికి మాత్రం ఒక్క గంట పాఠం కూడ అవసరం లేదనుకుంటున్నాము.

ప్రపంచమంతటా ప్రభుత్వాలు ఈ సంగతి గ్రహించినవి. బ్రిటన్ దేశంలో 1935 జూన్ 1 నుండి డ్రైవింగు పరీక్ష తప్పనిసరి అయింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలు డ్రైవింగు బడులకు కూడ నియమాలు పెట్టినవి. ఆ నియమాలు చాలమందికి తెలియవు కనుక కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

డ్రైవింగు బడికి రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సును, పాఠాల పట్టికను అందరికీ కనబడే చోట పెట్టాలి. నేర్పేవారు పదవ తరగతి పాసై, అయిదేళ్ళ డ్రైవింగు అనుభవము, మోటారు మెకానిజములో ధ్రువపత్రము కలిగి ఉండాలి. నేర్పే కారులో గురువు కాళ్ళ దగ్గర కూడ బ్రేకు వంటి నియంత్రణ ఉండాలి. సొంత కారు వంటి వాహనాలకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు నిజంగా స్టీరింగు పట్టి నడపడం ఉండాలి. కిరాయికి తిప్పే రవాణా వాహనాలకు 30 రోజులు, 15 గంటలు. ప్రతి విద్యార్థి ఎన్ని గంటలు నడిపాడో రిజిస్టరులో వ్రాయాలి. ప్రథమ చికిత్స కూడ పాఠాలలో భాగమే.

2021 జూలై 1 నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతి కూడ వచ్చింది. వాటికి సొంత ట్రాకు ఉండాలి. తెర మీద రోడ్డు చూపించి కదలని బండిలో నేర్పే సిమ్యులేటరు యంత్రము ఉండాలి. కారు శిక్షణ నాలుగు వారాలలోపు 29 గంటలు: 21 గంటలు నడపడము, 8 గంటలు పాఠాలు. అక్కడ ఉత్తీర్ణులైనవారికి లైసెన్సు కోసం రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగు పరీక్ష ఉండదు.

నియమాలు బాగానే ఉన్నవి. కాని మా సంఘంలోని ఒక యువకుడు ఒక డ్రైవింగు బడిలో చేరితే, నాలుగు రోజులు స్టీరింగు పట్టించి, ఇరవై ఒక్క రోజులు నేర్పినట్లు ధ్రువపత్రం చేతిలో పెట్టారు. అడిగితే, "నీకు లైసెన్సు కావాల్నా, పాఠాలు కావాల్నా?" అన్నారట. అతడు సంతోషించాడు. పని తొందరగా అయిపోయిందని మేము కూడ సంతోషించాము. తప్పుడు త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం నేర్పుతున్నది. నాలుగు రోజులను ఇరవై ఒకటిగా తూచడం తప్పుడు త్రాసు కాదా? ఆ త్రాసులో తూగింది మన బిడ్డ ప్రాణమే.

ఇంకొక సంగతి. ఈ బడులలో ఎక్కువగా నేర్పేది కారు. ఎక్కువగా చనిపోతున్నది ద్విచక్ర వాహనాల మీద. మోటారు సైకిలు మన పిల్లలు స్నేహితుని దగ్గర, చెరువు కట్ట మీద నేర్చుకుంటున్నారు. కాబట్టి రెండు చక్రాల బండికి మొదటి బడి మన ఇల్లే. మొదటి గురువు తండ్రి. ఆ గురువుకే లైసెన్సు లేకపోతే, హెల్మెట్ లేకపోతే, బిడ్డ ఏమి నేర్చుకుంటాడు?

పొడిచే ఎద్దు, పిట్టగోడ

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గూర్చిన ఆజ్ఞ ఉన్నది. ఎద్దు పొడిచేదని తెలిసి, హెచ్చరిక పొంది కూడ యజమాని దానిని కట్టివేయకపోతే, అది మనిషిని చంపినప్పుడు దోషం ఎద్దుతో ఆగదు, యజమాని మీదికి వస్తుంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడ మీద పిట్టగోడ కట్టాలని ఉన్నది. ఎవరైనా పడి చనిపోతే ఆ ఇంటి మీద రక్తాపరాధం ఉండకూడదని దేవుని ఉద్దేశము.

2019లో సవరించిన మన దేశ చట్టంలో కూడ ఇదే న్యాయం కనబడుతున్నది. పద్దెనిమిది నిండని పిల్లలు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులను లేక బండి యజమానిని బాధ్యులను చేస్తుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నవి. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పదహారేండ్లవారికి చట్టం అనుమతించేది గేరు లేని 50 సిసి లోపు బండి మాత్రమే, దానికి కూడ లైసెన్సు కావాలి. మన ఇళ్ళలో ఉన్న మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే.

ప్రార్థన చేసి బయలుదేరాము కదా అంటారా?

ప్రయాణానికి ముందు ప్రార్థన మన ఇళ్ళలో మంచి అలవాటు. దానిని ఎన్నడూ మానవద్దు. అయితే అపవాది ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు పట్టుకుంటారు గనుక క్రిందికి దుమకమన్నప్పుడు, ప్రభువు దుమకలేదు. తండ్రిని శోధించనన్నాడు. ఒకే బండి మీద నలుగురు, ఎవరికీ హెల్మెట్ లేదు, నడిపేవానికి లైసెన్సు లేదు. అప్పుడు చేసే ప్రార్థన విశ్వాసమా, శోధించడమా? మనలను మనమే పరీక్షించుకుందాము.

సంఘముగా చేయదగినవి

1. కొత్త బండికి ప్రార్థన అడిగినప్పుడు నడిపేవారి లైసెన్సు, రెండు హెల్మెట్లు కూడ తీసుకురమ్మని సంఘ పెద్దలు ముందుగానే చెప్పాలి. అడిగే పెద్దలు మొదట తమవి సరిచూసుకోవాలి.

2. పద్దెనిమిది నిండినవారికి మొదట లెర్నర్ లైసెన్సు తీయించండి. అది ఆరు నెలలు ఉంటుంది. ముప్పై రోజుల తరువాత పరీక్షకు వెళ్ళవచ్చు. ఆ కాలంలో బండికి ఎల్ అక్షరం ఉండాలి. నేర్పే లైసెన్సుదారుని తప్ప మరెవరినీ వెనుక ఎక్కించుకోకూడదు.

3. డ్రైవింగు బడిలో రుసుము కట్టక ముందే లైసెన్సు చూపించమనండి. మీ గంటల రిజిస్టరు చూడండి. నేర్పని రోజులకు సంతకం పెట్టకండి.

4. నాలుగేండ్లు దాటిన ప్రతివారికి హెల్మెట్ ఉండాలని చట్టం. తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల లోపు బిడ్డను ఎక్కించుకుంటే పిల్లల హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నియమం 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులో ఉన్నది.

5. కన్వెన్షనుకు, క్రిస్మస్ కూడికలకు ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని తీసుకుపోవద్దు. అది వడ్లు మోసే బండి, మనుషులను మోసేది కాదు. నలుగురు చందా వేసుకొని బస్సు మాట్లాడుకోండి.

6. దారిలో ఎవరైనా పడి ఉంటే దాటిపోకండి. 108కి ఫోను చేయండి. సహాయం చేసినవారిని బలవంతంగా సాక్ష్యానికి లాగకుండా 2019 సవరణ రక్షణ ఇస్తున్నది. పేరు చెప్పాలా వద్దా అనేది కూడ మన ఇష్టమే. యెరికో దారిలోని సమరయునికి ఈ చట్టం లేదు. అయినా అతడు ఆగాడు.

మూడవ ఆదివారం

ఆ కుటుంబం మూడవ ఆదివారం మందిరానికి వచ్చింది. తండ్రి జనగామ వెళ్ళి లెర్నర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. రోడ్డు గుర్తుల పరీక్షకు ఆయనకు రాత్రిళ్ళు పాఠాలు చెప్పింది ఎవరనుకున్నారు? ఆ కొడుకే. ఎర్ర అంచు త్రికోణం అంటే హెచ్చరిక అని, ఎర్ర అంచు వలయం అంటే ఆజ్ఞ అని బిడ్డ చెబుతుంటే తండ్రి వల్లె వేశాడట. ఇప్పుడు ఆయనకు లైసెన్సు వచ్చింది. పొద్దున్నే కొడుకును బండి మీద రోడ్డు దాకా దింపుతాడు. అక్కడి నుండి పిల్లవాడు బస్సులో కాలేజీకి పోతాడు. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నవి. తాళం చెవి మాత్రం ఇంకా తండ్రి జేబులోనే ఉన్నది.

"ఎన్ని నెలలున్నది రా?" అని మేము అడిగితే, ఆ పిల్లవాడు ఆలోచించకుండానే చెప్పాడు. రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు కాబోలు. సంఘకాపరి కూడ ఆ తేదీ తన డైరీలో వ్రాసుకున్నారు.

మీ ఇంటి తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఒకసారి చూడండి. మన రాకపోకలలో ప్రభువు మనలను కాపాడును గాక. కాపాడబడుటకు మనం చేయవలసిన పని చేయుటకు ఆయన మనకు బుద్ధిని దయచేయును గాక. ఆమెన్.