కొట్టు లెక్కలకు తాళం పడితే?

ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటకెక్కించడం మనకెవరూ నేర్పక్కర్లేదు. రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకుంటాం, పెద్ద జాడీ మీద తడిచెయ్యి పడనివ్వం. సీసాలోది బూజు పట్టినా ఏడాది పచ్చడి భద్రంగా ఉంటుంది. ఇంత జాగ్రత్త తెలిసిన నేను మా కొట్టు లెక్కల దగ్గర మాత్రం ఆ పని చెయ్యలేదు. ఏం జరిగిందో మీతో చెప్పుకుంటే మీలో ఒకరిద్దరైనా ఇవాళే లేచి చూసుకుంటారని రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం. రైతుల దగ్గర దింపు కాయలు తీసుకుని, ఒలిపించి, ఉత్తరాదికి లోడు ఎత్తుతాం. లోడు డబ్బు వచ్చాక రైతుకి ఇస్తాం. ఎవరికెంత బాకీ, ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాం, అన్నీ కంప్యూటర్లోనే. సాయంత్రం వంటయ్యాక ఎక్కించేది నేనే. ఇంటరు చదివి ఊరుకున్నదాన్ని, పిల్లలు చూపిస్తే నేర్చుకున్నాను.

మూడేళ్ల క్రితం, దసరా ముందు ఒక పొద్దున్న చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. తెరమీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం. మీ ఫైళ్లకు తాళం వేశాం, ఇన్ని డాలర్లు బిట్‌కాయిన్లుగా పంపితే తాళంచెవి ఇస్తాం, ఆలస్యమైతే రెట్టింపు అని. దీన్ని రాన్సమ్‌వేర్ అంటారట. దొంగ ఇనప్పెట్టె ఎత్తుకుపోడు. పెట్టె మనింట్లోనే ఉంచి తాళం మార్చేసి పోతాడన్నమాట.

"కాపీ ఉందిగా" అన్నారు మావారు. ఉంది, పెన్‌డ్రైవులో. తియ్యడం, పెట్టడం బద్ధకమై ఏడాది పొడుగునా దాన్ని కంప్యూటర్‌కే గుచ్చి ఉంచాను. దానికీ తాళం పడింది.

కట్టేద్దాం అన్నారు మావారు. మా తోటికోడలు కొడుకు అడ్డుపడ్డాడు. కట్టినా చెవి ఇస్తారన్న నమ్మకం లేదు, ఇచ్చినవాళ్ల దగ్గరికే మళ్లీ వస్తారు అన్నాడు. కట్టలేదు.

మా మావయ్యగారు కంప్యూటరు వచ్చినా చిట్టా పుస్తకం మానలేదు. "ఇంకా ఎందుకండీ మావయ్యగారూ" అని విసుక్కున్నది నేనే. ఆ పుస్తకంలో కాయల లెక్క ఉంది, ధరలు లేవు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, లారీ చీటీలు ముందేసుకుని ఇరవై రోజులు కూర్చున్నాం. చివరికి కొందరు రైతుల ఇళ్లకే వెళ్లి "మేం మీకెంత ఇవ్వాలండీ" అని అడగాల్సి వచ్చింది. నా తల కొట్టేసినట్టయింది. ఒకాయన మా పుస్తకంకన్నా ఎక్కువే చెప్పాడు, ఇచ్చాం. లంకలో ఒక ముసలాయన మాత్రం క్యాలెండరు మీద రాసుకున్న అంకెలు చూపించి, మా లెక్కకన్నా రెండు వందల కాయలు తక్కువే చెప్పాడు. పుస్తకం ప్రకారమే ఇచ్చి వచ్చాం.

ఇంతకీ అది ఎలా వచ్చింది? డబ్బు కట్టక్కర్లేదని మా అబ్బాయే వేసిన దొంగ సాఫ్ట్‌వేరులోంచి అని తేలింది. ఎవరిని తిడతాం!

చిన్న కొట్టుకేగా ఇలా అనుకోకండి. 2017 మే 12న వన్నాక్రై అనేది నూట యాభై దేశాల్లో కంప్యూటర్లను పట్టింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. "తర్వాత గుర్తుచెయ్యి" అని నొక్కే మనలాంటివాళ్లు దొరికిపోయారు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థలకూ ఈ బెడద తగిలింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోతే అంత పెద్దాసుపత్రిలోనూ రోజుల తరబడి చీటీలు చేత్తోనే రాశారు. మా మావయ్యగారికి ఆ సంగతి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, పుస్తకం ముందుకు లాక్కున్నారు.

ఇప్పుడు మేం రెండు హార్డ్ డిస్కులు కొన్నాం. శనివారం రాత్రి కాపీ అవగానే పీకేసి బీరువాలో పెడతాను. రెండోది రాజోలులో మా ఆడపడుచు ఇంట్లో ఉంటుంది. వారం వారం ఇది అక్కడికి, అది ఇక్కడికి. ఇంటర్నెట్‌లోనూ ఒక కాపీ ఉంది గాని అదొక్కటే చాలదు. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు నెట్ ఆపేసిన రోజులు మనవాళ్లెవరూ మరిచిపోలేదు కదా! ఆ జూలైలోనే గోదారి వరద. అందుకే ఒకటి వేరే ఊళ్లో.

కాపీ తియ్యగానే సరికాదమ్మా, అది తెరుచుకుంటుందో లేదో చూడాలి. నెలకోసారి మా అబ్బాయి లాప్‌టాప్‌లో పెట్టి చూస్తాను. మొదటిసారి చూసినప్పుడు ఒక నెల ఫైలు మొత్తం ఖాళీ! కాపీ తీసేటప్పుడు కరెంటు పోయిందట.

కంప్యూటర్లో నాకు వేరే లాగిన్ పెట్టించాను, దాంతో కొత్తవేవీ ఎక్కవు. బాగుచేసే కుర్రాడు దూరం నుంచి చూసే యాప్ పని అయ్యాక తీసేస్తాం. తెలియని "బిల్లు" మెయిల్లో వస్తే ముందు ఫోను చేసి అడుగుతాం. రైతుల ఫోను నంబర్లన్నీ ఒక నోటుబుక్కులోనూ ఉన్నాయి.

ఒకవేళ మీకిలా అయితే, ముందు నెట్ వైరు లాగెయ్యండి, వైఫై ఆపండి. కంగారులో మంచి డిస్కు తెచ్చి జబ్బుపడ్డ కంప్యూటర్‌కి గుచ్చకండి, ఉన్న ఒక్కటీ పోతుంది. తెరను ఫోటో తీసుకుని 1930కి ఫోను చెయ్యండి. కంపెనీలైతే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది. నో మోర్ రాన్సమ్ అనే వెబ్‌సైటులో యూరప్ పోలీసులూ మరికొందరూ కలిసి కొన్ని తాళాలకు చెవులు ఉచితంగా పెట్టారు. మా తాళానికి అక్కడ చెవి దొరకలేదు, మీ అదృష్టం ఎలా ఉంటుందో చూడండి. కంప్యూటర్ మొత్తం తుడిపించి, మళ్లీ శుభ్రంగా అన్నీ వేయించాకే కాపీ ఎక్కించండి.

రేపు ఆదివారం డిస్కు పట్టుకుని రాజోలు వెళ్లాలి. పనసపొట్టు కూర చేస్తాను, పొద్దున్నే రా వదినా అంది మా ఆడపడుచు.