మీకు తెలుసా? ఆడకుండానే వదులుకున్న ఫైనల్

1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత టెన్నిస్ జట్టు, ఒక్క బంతి కూడా ఆడకుండా ట్రోఫీని దక్షిణాఫ్రికాకు వదిలేసింది. రంగును బట్టి మనుషుల్ని విడదీసే అపార్థైడ్ విధానం అక్కడ చట్టంగా అమలవుతున్న రోజులవి. ఆ దేశంతో ఆడేది లేదని భారత ప్రభుత్వం తేల్చి చెప్పింది. ఫైనల్ వాకోవర్‌తో తేలడం డేవిస్ కప్ చరిత్రలో అదొక్కసారే.

వదులుకున్నది చిన్న అవకాశమేమీ కాదు. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులున్న ఆ జట్టు కలకత్తాలో బలమైన ఆస్ట్రేలియాను 3-2తో ఓడించింది. అప్పట్లో డేవిస్ కప్‌లో టైబ్రేక్‌లు లేవు. సెట్లు అంతూపొంతూ లేకుండా సాగేవి. ఆ ఒక్క పోటీలోనే మొత్తం 327 గేములు ఆడారంటే ఆటగాళ్లు ఎంత చెమటోడ్చారో ఊహించవచ్చు. తర్వాత పుణెలో సోవియట్ యూనియన్‌పైనా గెలిచారు. ఇక మిగిలింది ఫైనలే.

అంతకుముందు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల చేతుల్లోనే తిరిగిన ఆ కప్పు తొలిసారి మరో దేశానికి వెళ్లింది, అదీ ఫైనల్ ఆడకుండానే. భారత్ 1987లో మళ్లీ ఫైనల్ చేరినా స్వీడన్ చేతిలో 0-5తో ఓడింది. డేవిస్ కప్ ఇంతవరకూ మనకు దక్కలేదు. అయినా 1974 నాటి నిర్ణయం సరైనదే.

వర్ణవివక్ష చట్టాల రద్దు మొదలయ్యాక, 1991 నవంబరు 10న దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు అంతర్జాతీయ పోటీల్లోకి తిరిగి అడుగుపెట్టింది భారత గడ్డపైనే, ఈడెన్ గార్డెన్స్‌లో.