సౌండ్ కార్డు కథ: గరగర ఎక్కడ పుడుతుంది?

డాలస్‌లో ఉండే మా మేనకోడలు హైదరాబాదులోని సంగీతం టీచరుగారికి కంప్యూటర్ ముందు కూర్చుని సరళీ స్వరాలు పాడి వినిపిస్తోంది. పక్కనే ఎలక్ట్రానిక్ తంబురా మోగుతోంది. అయినా టీచరుగారు, "శ్రుతి పెట్టుకోలేదేమమ్మా?" అని అడిగారు. పిల్ల తెల్లబోయింది. పైగా టీచరుగారి గొంతు ఇటువైపు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. కొత్త హెడ్‌సెట్ కొందామన్నారు ఇంట్లోవాళ్లు. చెడింది హెడ్‌సెట్ కాదు. ఏం చెడిందో తెలియాలంటే కంప్యూటర్‌కి గొంతు ఎలా వచ్చిందో తెలియాలి.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని పెట్టెలో ఒక చిన్న స్పీకర్ ఉండేది. టైమర్ చిప్ ఒకటి ఆ స్పీకర్‌కి కరెంటు ఇస్తూ, ఆపుతూ ఉండేది. ఎంత వేగంగా ఇచ్చి ఆపితే అంత హెచ్చు స్థాయి. ఒకసారికి ఒక్క స్వరమే, అదీ ఒకే తీరు గొంతుతో. తప్పు జరిగితే 'బీప్' మని హెచ్చరించడానికి అది చాలు. సంగీతానికి చాలదు.

1987లో కెనడాలోని క్విబెక్ నగరం నుంచి, కంప్యూటర్ పెట్టెలో తగిలించుకునే యాడ్‌లిబ్ అనే సౌండ్ కార్డు వచ్చింది. అందులోని యమహా చిప్ ఒకేసారి తొమ్మిది గొంతులు పలికించేది. ఆ చిప్ వెనక ఉన్న ఆలోచన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని జాన్ చౌనింగ్‌ది. ఒక తరంగం పౌనఃపున్యాన్ని మరో తరంగంతో చాలా వేగంగా ఊపితే గంట, వేణువు, తీగ వాద్యం లాంటి నాదాలు పుడతాయని ఆయన 1967లో గమనించారు. యాడ్‌లిబ్ పాడేది కానీ మాట్లాడలేకపోయేది. మనిషి గొంతును రికార్డు చేసి తిరిగి వినిపించే ఏర్పాటు అందులో లేదు.

ఆ లోటు తీర్చినవారు సింగపూర్‌కి చెందిన సిమ్ వాంగ్ హూ. హార్మోనికా వాయించడమంటే ఆయనకి ప్రాణం. 1981లో క్రియేటివ్ టెక్నాలజీ స్థాపించారు. ఆ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్‌ని విడుదల చేసింది. యాడ్‌లిబ్‌లో ఉన్న చిప్పే ఇందులోనూ ఉంది. దానికి తోడు అంకెలను ధ్వనిగా, ధ్వనిని అంకెలుగా మార్చే భాగం చేరింది. జాయ్‌స్టిక్ తగిలించుకునే చోటూ ఉంది. ఆటలాడే పిల్లలున్న ఇళ్లకి ఇంకేం కావాలి?

ఈ మార్పిడి ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మైకు ధ్వని తరంగాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. కార్డు ఆ విద్యుత్తు ఎత్తును సెకనుకి వేల సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. మొదటి సౌండ్ బ్లాస్టర్ కొలబద్ద మీద 256 గీతలే ఉండేవి. రెండు గీతల మధ్య పడిన ఎత్తును దగ్గరి గీతకి సర్దాల్సిందే. ఆ సర్దుబాటే మన చెవికి 'ఖర్‌ర్' మనే బరకదనంగా తగులుతుంది. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16లో గీతలు 65,536 అయ్యాయి, సెకనుకి కొలతలు 44,100 అయ్యాయి. ఆడియో సీడీ కొలతలు కూడా ఇవే. సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తామో అందులో సగం పౌనఃపున్యం వరకే ధ్వని దక్కుతుంది. మన చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్, కాబట్టి 44,100 సరిపోయింది.

1997లో ఇంటెల్ ఏసీ97 అనే ప్రమాణం తెచ్చాక సౌండ్ కార్డు విడిగా అక్కర్లేకుండా మదర్‌బోర్డులోనే ఒక మూల ఒదిగిపోయింది. ఖర్చు తగ్గింది. కానీ సన్నని ధ్వని సంకేతం ప్రాసెసర్, గ్రాఫిక్స్, ఫ్యాన్ల విద్యుత్ సందడి మధ్య కాపురం పెట్టాల్సి వచ్చింది. కొన్ని కంప్యూటర్లలో మౌస్ కదిపినప్పుడల్లా ఇయర్‌ఫోన్స్‌లో సన్నగా చిటచిట వినిపించడానికి కారణం ఇదే. దానికి మందు యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ అడాప్టర్. అంకెలు ధ్వనిగా మారే పని ఆ సందడికి దూరంగా, పెట్టె బయట జరుగుతుంది.

ఇప్పుడు రోగ లక్షణాలు చూడండి. సన్నగా 'గుంయ్' మని ఆగకుండా మోగుతోందా? లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే దోషం కరెంటు దారిది. స్పీకరూ, కంప్యూటరూ వేర్వేరు దారుల్లో ఎర్త్ అయినప్పుడు ఇంటి కరెంటే (ఇండియాలో 50 హెర్ట్జ్) ఆ గుంయ్ అవుతుంది. రెంటినీ ఒకే ప్లగ్ బోర్డుకి తగిలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. పాట మధ్యలో 'టప్, టప్' మంటోందా? ప్రాసెసర్ వేరే పనుల్లో పడి, అంకెలను వేళకి అందించలేకపోతోంది. బరువైన ప్రోగ్రాములు మూయండి, ఆడియో డ్రైవర్ అప్‌డేట్ చేయండి. పెద్ద స్వరాలు మాత్రమే పగులుతున్నాయా? వాల్యూమ్‌ని నూరు శాతం దాటించే బూస్ట్, ఎన్‌హాన్స్‌మెంట్ సెట్టింగులు తీసేయండి.

టీచరుగారి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండటానికి కారణం పిల్ల హెడ్‌సెట్‌లోని బ్లూటూత్. హెడ్‌సెట్ మైకు తెరుచుకోగానే అది సంగీతం దారి వదిలి ఫోన్ కాల్ దారిలోకి మారుతుంది. చాలా హెడ్‌సెట్లలో అక్కడ సెకనుకి 8,000 లేదా 16,000 కొలతలే. 8,000 అయితే 4,000 హెర్ట్జ్ పైనున్నదంతా పోయినట్టే. 'స', 'శ' లాంటి అక్షరాల పదును చాలావరకు ఉండేది అక్కడే. తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టగానే మా పిల్లకి టీచరుగారి గొంతు తేటపడింది.

ఇక తంబురా. వీడియో కాల్ ప్రోగ్రాములు ఫ్యాను, ఏసీ లాంటి ఎడతెగని మోతను చప్పుడుగా లెక్కగట్టి తుడిచేస్తాయి. ఎడతెగకుండా మోగడమే తంబురా ధర్మం. పాపం, దాన్ని కూడా ఫ్యానుగానే లెక్కగట్టింది యంత్రం. సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్ ఆపాం. అటువైపు నుంచి, "ఆఁ, ఇప్పుడు వినబడుతోందమ్మా!" అన్నారు టీచరుగారు.

మైకు, మార్పిడి, ప్రోగ్రాము, మళ్లీ మార్పిడి, స్పీకర్. ధ్వని ఈ అయిదు మజిలీలూ దాటి మన చెవికి చేరుతుంది. కొత్త పరికరం కొనేముందు ఒక్కో మజిలీనీ మార్చి చూడండి. వేరే ఇయర్‌ఫోన్ పెట్టండి, అదే ఇయర్‌ఫోన్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించండి, వేరే ప్రోగ్రాములో అదే పాట వినండి. ఏది మారిస్తే ధ్వని బాగుపడిందో దోషం అక్కడే. చాలాసార్లు ఆ మరమ్మతుకి పైసా ఖర్చుండదు.