కంటికి కనబడని విద్యార్థి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను పాలమూరువారు నడిగడ్డ అంటారు. ఇటిక్యాల ఆ నడిగడ్డలోని ఊరు. 2011 జనాభా లెక్కలనుబట్టి చూచినచో, నేడు జోగులాంబ గద్వాల జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతములో అక్షరాస్యులు నూటికి ఇంచుమించు 50 మంది. పత్తి విత్తనాల చేలలో పువ్వు క్రాసింగు చేయుటకు పిల్లలను బడి మాన్పించుట ఇక్కడి పాత దురవస్థ. అట్లు ఏడవ తరగతితో బడి విడిచిన బాలిక పాతికేళ్ల వయస్సులో, ఇద్దరు బిడ్డల తల్లియై, నేనును బి.ఏ. చదువుదునా అని అడిగినదనుకొనుడు. మామూలు కళాశాల ఆమెను అడుగునది ఒక్కటే: సర్టిఫికెట్లు ఏవి?

ఈ ప్రశ్న అడుగుట మాని, ఆమె ఇప్పుడు ఏమి చదువగలదో చూడవలెనని తలచిన విశ్వవిద్యాలయ పెద్దలలో ఆచార్య జి. రాంరెడ్డి ముఖ్యులు. వారు 1929లో కరీంనగర్ జిల్లాలో జన్మించినారు. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రము బోధించినారు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను పరిశీలించి గ్రంథములు వ్రాసినారు. ఆచార్య జి. హరగోపాల్‌తో కలిసి 1985లో వారు ప్రకటించిన ఒక వ్యాసమునకు పల్లెలోని ‘పైరవీకారు’ విషయము. ఆఫీసు భాష తెలియని రైతుకు, ఆఫీసుకు మధ్య నిలిచి పని నడిపించు మనిషి ఈ పైరవీకారు. అటువంటి మధ్యవర్తి అవసరమెందుకు కలుగుచున్నదో ఊరూరా తెలుసుకొన్న పండితుడు విశ్వవిద్యాలయపు గుమ్మమును గూడ ఆ దృష్టితోనే చూచియుండునని నా ఊహ.

1977 నుండి 1982 వరకు రాంరెడ్డిగారు ఉస్మానియా ఉపాధ్యక్షులు. అక్కడ పోస్టు ద్వారా పాఠములు పంపు సంస్థ 1977లోనే మొదలైనది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడగా దానికి వారు తొలి ఉపాధ్యక్షులైనారు. భారతదేశములో ఈ తరహా విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. బడి చదువు లేనివారు గూడ ఒక అర్హత పరీక్ష నెగ్గి డిగ్రీలో చేరుటకు ఆనాడు అది వీలు కల్పించినది. తెలుగులో చదువుకొనవచ్చును, ఉద్యోగము గాని వ్యవసాయము గాని మానవలసిన పనిలేదు.

తలుపు తీయుట ఒక పని. లోపలికి వచ్చినవారికి పాఠము చెప్పగలుగుట వేరొక పని. ఈ రెండవదానిని గురించి మనము తక్కువగా మాట్లాడుకొంటాము. ఇరువది ఏండ్లు తరగతిలో ఉపన్యసించిన ఆచార్యుడైనను ఎదుట విద్యార్థి లేనప్పుడు తడబడును. తరగతిలో ముఖములు చూచి, అర్థము కానిచోట ఆగి, మరల చెప్పవచ్చును. అచ్చులో ఆ అవకాశము లేదు. విద్యార్థి ఎక్కడ ఆగునో రచయిత ముందే ఊహించి, అక్కడ ఒక ఉదాహరణము, ఒక చిన్న ప్రశ్న పెట్టవలెను. పాఠము మొదట ‘ఇది చదివిన పిమ్మట మీరు ఏమి చేయగలరు’ అని చెప్పవలెను. కాగా దూరవిద్యలో పాఠము ఒక్కరి సొత్తు కాదు. ఒకరు వ్రాయగా మరొకరు విషయము సరిచూతురు, ఇంకొకరు భాష దిద్దుదురు. తాను వ్రాసిన వాక్యమును తోటివారు కొట్టివేయుట ఆచార్యునకు అంత సులభముగా మింగుడుపడు విషయము కాదు! అయినను ఈ దిద్దుబాటులోనే అధ్యాపకుడు మరల విద్యార్థి కావలసివచ్చినది.

రేడియోలో పనిచేయు మాకు ఈ కష్టము కొత్తది కాదు. మైకు ముందు కూర్చున్నవాడు శ్రోతను చూడలేడు. సార్వత్రిక విశ్వవిద్యాలయపు పాఠములు ఆకాశవాణిలో ప్రసారమైనప్పుడు ఆచార్యులకును ఇదే అనుభవము. వాక్యము పొడవైనచో విన్నవారికి మొదలు మరపునకు వచ్చును. పేజీ వెనుకకు త్రిప్పుటకు రేడియోలో పేజీ లేదు గదా.

అధ్యయన కేంద్రములను ఉన్న కళాశాలలలోనే నెలకొల్పినారు. వారమంతయు పిల్లలకు బోధించిన లెక్చరరు సెలవునాడు తనకంటె పెద్దవారికి సందేహములు తీర్చవలెను. అక్కడ అదలింపు పనికిరాదు. పొలము పని ఒకనాడు మాని బస్సెక్కి వచ్చిన మనిషికి ఆనాటి కూలి పోయినదని ఎరిగి మాట్లాడవలెను.

1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును రాంరెడ్డిగారే తొలి ఉపాధ్యక్షులైనారు. 1993లో అక్కడ దూరవిద్యా బోధకుల శిక్షణకు, పరిశోధనకు ప్రత్యేక సంస్థ వెలసినది. అప్పటికి వారు విశ్వవిద్యాలయ నిధుల సంఘము అధ్యక్షులు. 1991 నుండి 1995 వరకు ఆ పదవిలో ఉన్నారు. దేశములోని కళాశాల అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కళాశాలలు 1987లోనే మొదలైనవి. ఆనాడు కొత్తవారికి నాలుగు వారములు, అనుభవజ్ఞులకు మూడు వారములు శిక్షణ ఉండెడిది. విద్యాసంస్థల నాణ్యతను పరీక్షించు జాతీయ మండలి వీరి కాలములోనే, 1994లో, బెంగళూరులో ఏర్పడినది. వారు 1995లో కీర్తిశేషులైనారు.

దూరవిద్య రెండవ తరగతి చదువని ఈసడించినవారు ఆనాడు గలరు, నేడును లేకపోలేదు. చేరినవారందరును ముగించలేదను విమర్శ గూడ కొట్టివేయదగినది కాదు. ఒంటరిగా చదువుట కష్టమే. అయితే సర్కారు ఉద్యోగపు పరీక్షలకు తయారగు యువకుల గదులలోనికి పోయి చూడుడు. ఆ విశ్వవిద్యాలయములో ఎన్నడును చేరనివారి బల్లలమీద గూడ దాని తెలుగు పుస్తకములు అంచులు నలిగి కనిపించును.